జరీ తవ్విన దారి

ఏప్రిల్ 13, ఆదివారం

ఇంటికి రెండు కుందేళ్లు వచ్చాయి. నన్నెవరూ అడగలేదు.

రమ్యను తీసుకురావడానికని పొద్దున్నే రాజోలి వెళ్లిన శివశంకర్, ఒక చేత్తో కూతుర్ని, ఇంకో చేత్తో టమాటాల ట్రేను పట్టుకొని వచ్చాడు. ట్రే మీద గోనెపట్టా. పట్టా కింద ఏదో కదిలింది. ఎలుకలనుకొని నేను కెవ్వుమన్నాను. రమ్య నవ్వింది. నేను గద్వాలకు, ఈ ఇంటికి కాపురానికి వచ్చి ఏడాది దాటింది, ఆ పిల్ల నా ఎదుట నవ్వడం ఇదే మొదలు. నన్ను చూసి నవ్వింది, అది వేరే సంగతి.

మొన్న బుధవారం బడి నుంచి ఇంటికి రాకుండా నేరుగా బస్సెక్కి రాజోలికి, వాళ్లమ్మ పుట్టింటికి పోయింది. పదకొండేళ్ల పిల్ల! ఇలా పోవడం రెండోసారి. ఈసారి రానంటే రానని అవ్వ సుగుణమ్మ కొంగు పట్టుకొని కూర్చుందట. మేనమామ తిరుపతయ్య అయిజ సంతకు తీసుకుపోయి ఈ జంటను కొనిస్తే అప్పుడు లేచిందట. షరతు ఏమిటో వాళ్ల నాయినకు నా ముందరే ఇంకోసారి అప్పజెప్పింది.

"ఇవి ఈడ మంచిగ బతికితె నేను ఈడనే ఉంట. వీటికేమన్న అయితె బడి తెరిచేటప్పటికి అవ్వ దగ్గరికి పోత. ఆడనే చదువుకుంట. అవ్వ సరే అన్నది."

శివశంకర్ తలూపాడు. ఆ మనిషికి తలూపడం బాగా వచ్చు.

తెల్లదాని పేరు జరీ, బూడిద రంగుదాని పేరు కండె, నూలు చుట్టే పుల్ల పేరు. నేతగాళ్ల ఇంటి పిల్ల ఇంకేం పేర్లు పెడుతుంది. రెండూ ఆడవేనని అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడట.

నీలం బ్యాగు మళ్లీ వాకిలి పక్క కొక్కానికే చేరింది. అందులో దాని బట్టలు, వాళ్లమ్మ గీత ఫొటో. కట్టుకునేవి దాంట్లోంచే తీస్తుంది, ఉతికి ఆరాక మళ్లీ దాంట్లోనే పెడుతుంది. బీరువాలో ఒక అర దాని కోసం ఖాళీ చేసి ఏడాదయింది. ఆ అరలో నేను అప్పుడప్పుడు దుమ్ము తుడుస్తుంటాను.

ఏప్రిల్ 14

జరీ చెవులకు వెనక నుంచి ఎండ తగిలితే లోపలి ఎర్రటి నరాలన్నీ కనిపిస్తాయి, రావి ఆకు ఈనెల లాగా. చూస్తూ కూర్చున్నాను. అన్నం మాడింది.

ఏప్రిల్ 16

ట్రేలో ఎన్నాళ్లుంచుతాం? పెరట్లో వదిలితే కుక్కలున్నాయి, పక్కింటి హన్మమ్మ పిల్లి ఉంది, పైన గద్దలున్నాయి. "జాలీతోటి కొట్టం కడ్త, బయటికి పోలేకుంట" అనేశాను. అనడమైతే అన్నాను. నేను ఇంతవరకు గోడకు మేకు కూడా కొట్టలేదు. పెళ్లికి ముందు నాగర్‌కర్నూల్‌లో జిరాక్సు షాపులో పనిచేశాను, అంతే.

"నీకెందుకు స్వరూపా, చీర దిగినంక నేను కడ్త" అన్నాడు శివశంకర్ మగ్గం మీది నుంచే. పెళ్లిళ్ల సీజను. ఆయన చీర ఎప్పుడు దిగాలి, ఎప్పుడు కట్టాలి!

కొట్టానికి చోటు కుదిరింది. పెరట్లో మూడు పక్కల జాలీ కడితే చాలు, నాలుగో పక్క ఇంటి గోడే ఉంది. ఆ గోడకు లోపలివైపు గీత మగ్గం గది. రెండు మూరల మందం రాతిగోడ. దానికి జాలీ ఎందుకు?

నాకేం, కుందేళ్ల కోసమే.

ఏప్రిల్ 19

అయిపోయింది! కోళ్ల జాలీ, వేప గుంజలు, పైన జొన్నచొప్ప కప్పు. తాడు కొనలేదు. నేతింట్లో తాడు కొంటారా ఎవరైనా? చీర కోశాక మిగిలిన పడుగు కొసలు మూట కట్టి ఉన్నాయి. గంజి పట్టించిన నూలు, ఎండాక పురి వేస్తే ఇనుప తీగకు తీసిపోదు. గుంజగుంజకూ మూడేసి ముడులు వేశాను. శివశంకర్ వచ్చి ముడి లాగి చూసి "గట్టిగున్నది" అన్నాడు. ఆ మనిషి నోట్లోంచి అది సన్మానమే.

సాయంత్రం రెంటినీ లోపల వదిలాం. కాసేపు కదల్లేదు. తర్వాత జరీ ఉన్నట్టుండి గాలిలోకి ఎగిరింది. ఎగిరి నడి గాలిలో ఒళ్లు ఒకపక్కకు, తల ఇంకోపక్కకు విసిరి దిగింది. మళ్లీ ఎగిరింది. దానికేమైందోనని నేను హడలిపోయాను.

"సంబరపడుతున్నది" అంది రమ్య, నాతో కాదు, జాలీతో. "కాళ్లకు జాగ దొరికింది గదా."

సంతోషం వస్తే అంత ఎత్తుకు ఎగిరే ప్రాణి ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

ఏప్రిల్ 20

పొద్దున్నే హన్మమ్మ గోడ మీది నుంచి కేక.

"ఓ స్వరూపా! మీ చెవులపిల్లులు నా తోటకూరంత బుక్కుతున్నయి! పండుగనుకున్నయా ఏంది?"

ముడులు తినేశాయి. ముడులు! గంజి పట్టిన నూలు వాటికి ఫలహారమయింది. అన్నం గంజితో ముడి వేసి కుందేలును కట్టేయాలనుకున్న తెలివి నాది. గుంజలు నిలబడే ఉన్నాయి, జాలీ కింద పడుంది. ఒక్క పోగు మిగల్చలేదు.

రెంటినీ పట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. హన్మమ్మ చీర కొంగేసి కండెను పట్టింది, "నా తోటకూర ఇచ్చినంకనే ఇస్త" అంటూనే ఇచ్చేసింది. ఇంట్లోకి వచ్చి చూస్తే రమ్య కొక్కెం దగ్గర నిలబడి ఉంది, బ్యాగు మీద చెయ్యేసి. తీయలేదు. చెయ్యి వేసి ఉంచింది, అంతే.

"దొరికినయి" అన్నాను.

చెయ్యి తీసింది.

ఏప్రిల్ 24

సన్న జాలీని కొరుకుతాయని ఇనుప కొట్టువాడు చెప్పాడు. వెల్డింగు జాలీ తెచ్చాను, పైకప్పుకు కూడా. బైండింగు వైరు, కటింగు ప్లయరు. వేళ్లన్నీ గీరుకుపోయాయి. ఈసారి ముడులన్నీ ఇనుపవే, తినండి చూద్దాం!

ఏప్రిల్ 26

తవ్వుతోంది. పైన దారి లేదని తెలిసి జరీ కింద దారి వెతుకుతోంది. ముందు కాళ్లతో మట్టి లాగుతుంది, వెనక కాళ్లతో తన్ని దూరంగా పోస్తుంది, మధ్యలో ఆగి మూతి తుడుచుకుంటుంది. నేను బొంద పూడ్చిన కొద్దీ పక్కన ఇంకోటి. కోపమొచ్చి "నీకేం తక్కువ చేసిన్నే ఈడ?" అని అరిచాను. గడ్డి వేశాను, నీడ వేశాను, కుండలో నీళ్లు పెట్టాను.

రమ్య వెనకే ఉందని నాకు తెలియదు.

ఏప్రిల్ 27

చెప్పింది రమ్యే. రోజంతా బోర్లా పడుకొని జరీని చూసింది కాబట్టి దానికి తెలిసింది.

"ఇగో," అంది. నన్ను పేరు పెట్టి పిలవదు, వరసపెట్టీ పిలవదు. "ఇది ఎప్పుడైనగని జాలీ మొదట్లనే తవ్వుతున్నది. జర ఎనుకకు జరిగి తవ్వుదామని దానికి తోస్తలేదు. జాలీని లోపలికి మలిపి నేల మీద పరిస్తె?"

నిలబడ్డ జాలీ కింద ఇంకో జాలీ, నేలమీద మూరెడు వెడల్పున. పైన మట్టి, మట్టి మీద షాబాదు బండ ముక్కలు. చీరకు అంచు పట్టినట్టు మూడు పక్కలా పట్టించాం. నేను వైరు మెలేస్తుంటే రమ్య జాలీ పట్టుకుంది. ఒకసారి నా వేలికి గుచ్చుకుంటే తన గౌను కొసతో అద్దింది. నేను వేలు కదపలేదు, కదిపితే ఎక్కడ చెయ్యి తీసేస్తుందోనని.

జరీ వచ్చి తవ్వింది. గోళ్లకు జాలీ తగిలింది. పక్కకు జరిగి తవ్వింది. అక్కడా జాలీ. వెనక్కి కూర్చొని మమ్మల్ని చాలాసేపు చూసింది. దాని ముందర నాకు కొంచెం సిగ్గేసింది.

మే 2

ఎండ మండిపోతోంది. గోనెపట్టాలు తడిపి జాలీ మీద వేస్తున్నాం, గంటకే ఎండిపోతున్నాయి. కండె నాలుగు కాళ్లూ చాపి పడుకుంటుంది. జరీ మాత్రం గోడ వారగా, ఎప్పుడూ గోడ వారగానే.

బ్యాగు కొక్కానికే ఉంది.

మే 9

రాజోలి నుంచి ఫోను. సుగుణమ్మ నాతో మాట్లాడాలంటే ముందు దగ్గుతుంది.

"పిల్ల మంచిగున్నదా? కుందేళ్లు మంచిగున్నయా? బడి తెరిచే ముంగల ఐతారం నాడు వస్తనని చెప్పు."

"రాండ్రి అమ్మా" అన్నాను. గీతకు అమ్మ అయితే నాకూ అమ్మే, వరసకు. ఆమె నన్ను బిడ్డా అనదు. అనాలని నేను అనుకోవడం లేదు.

మే 14

జరీ గొంతు కింది వెంట్రుకలు పీక్కుంటోంది. నోటి నిండా తన బొచ్చే పెట్టుకొని అటూ ఇటూ తిరుగుతోంది. ఎండకు తిక్క పట్టిందంది హన్మమ్మ. నాకూ అలాగే ఉంది.

మే 16

జరీ లేదు.

తలుపు వేసినట్టే ఉంది. గడియ ఉంది. జాలీ అంతా చేత్తో తడిమాను, ముడిముడికీ. బండ ముక్కలన్నీ లేపి చూశాను. ఒక్క బొంద లేదు. కండె ఒక్కతే కూర్చొని ఆకు నములుతోంది. గద్ద తన్నుకుపోయిందా అంటే పైన జాలీ ఉంది. ఎవడైనా తలుపు తీసి ఎత్తుకుపోయి మళ్లీ గడియ పెట్టి పోతాడా?

రమ్య ఏడవలేదు. కొక్కెం మీది నుంచి బ్యాగు దించి ఒళ్లో పెట్టుకొని వాకిట్లో కూర్చుంది. ఏడిస్తే బాగుండేది. నేను హన్మమ్మ ఇంటి చుట్టూ, వీధి చివరి దాకా, చింతచెట్టు కింది మురికి కాలువ దాకా వెతికాను. వచ్చి మళ్లీ జాలీ తడిమాను. శివశంకర్ మగ్గం ఆపి వచ్చి రమ్య పక్కన కూర్చున్నాడు. ఆయన కూడా ఏమీ అనలేదు. వీళ్లింట్లో మాటలు కూడా బ్యాగులో సర్ది పెట్టుకుంటారేమో.

నేను రాయకూడదనుకున్నది రాస్తాను. కుందేలు కోసం నేను అంత తిరగలేదు.

మే 16, సాయంత్రం

జరీ కొట్టంలో ఉంది!! గోడ వారగా కూర్చొని మూతి తుడుచుకుంటోంది. మీసాలకు మట్టి. ఎక్కడి నుంచి వచ్చావే తల్లీ? గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

రమ్య బ్యాగును మళ్లీ తగిలించింది.

మే 18, ఆదివారం

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

పొద్దున రమ్య నా కొంగు లాగింది. నోటి మీద వేలు పెట్టుకొని కొట్టం దగ్గరికి తీసుకుపోయింది. జరీ గోడ మొదట్లో మట్టిని ముందు కాళ్లతో తడుతోంది, మనం ఇంటి ముందు అలికి చేత్తో సదును చేస్తామే, అలా. తట్టి, గడ్డిపరకలు లాగి పైన వేసింది. ఇక అక్కడ ఏమీ లేదు. కళ్లముందు చూస్తూ ఉండి కూడా ఏదీ లేదనే అనుకుంటాం. అది పోయాక వేలు పెట్టి చూశాను. మట్టి వదులుగా ఉంది. మోచెయ్యి దాకా చెయ్యి దూరింది, ఇంకా లోపలికి దారి ఉంది.

రాతిగోడ ఉంది కదా అని జాలీ పరచని నాలుగో పక్క! గోడ పైన రాయే, అడుగున మట్టి. ఎప్పటిదో పందికొక్కు బొంద ఒకటి గోడ కింద ఉండి ఉంటుంది. జరీ దాన్ని వెడల్పు చేసుకుంది.

"గోడకు అవుతల అమ్మ మగ్గం" అంది రమ్య.

ఆ గది తలుపు మేము తీయం. గీత జ్వరంతో కర్నూలు దవాఖానకు పోయిన రోజు మగ్గం మీద చీర సగంలో ఉండిందట. ప్రాణంతో తిరిగి రాలేదు. మూడేళ్లయింది. శివశంకర్ ఆ పడుగు కోయలేదు, దులపలేదు. ఒక దుప్పటి కప్పి తలుపు వేశాడు. నేను కొత్తలో ఒకసారి ఊడ్వడానికి చీపురు పట్టుకొని గడప దాకా పోయాను. తండ్రీ కూతుళ్లిద్దరూ నన్ను చూసిన చూపుకు మళ్లీ అటువైపు పోలేదు.

ఇవాళ తలుపు తీసింది రమ్య.

లోపల చీకటి, చల్లగా ఉంది. బయట నిప్పులు కురుస్తుంటే ఆ గదిలో పాదాలకు చలి తగిలింది. నేను గడప దగ్గరే ఆగాను. "రా" అంది. దుప్పటి ఒక కొస అది పట్టుకుంది, ఇంకో కొస నాకు చూపించింది. ఇద్దరం లేపాం. మగ్గం మీద మామిడాకు పచ్చ చీర, ఎర్ర అంచు. పోగులు దూర్చే అచ్చుకు బూజు. మగ్గం కింద, కాళ్లు పెట్టుకొని తొక్కే గుంతలో ఏదో తెల్లగా కుప్ప.

ఫోను లైటు వేశాను.

జరీ బొచ్చు. పిడికెళ్లకొద్దీ బొచ్చు, తన గొంతు నుంచి, పొట్ట నుంచి పీక్కున్నది. అందులో గీత నేసినప్పుడు తెగి గుంతలో రాలిన నూలు పోగులు, పచ్చవీ ఎర్రవీ, అన్నీ ఏరి తెచ్చి కలిపి గూడు పేనింది. ఎవరు నేర్పారు? కుప్ప మధ్యలో బొచ్చు దానంతట అది లేస్తోంది, తగ్గుతోంది. ఊపిరి పీలుస్తోంది కుప్ప. రమ్య రెండు వేళ్లతో పక్కకు తీసింది. కూనలు! వెంట్రుక లేదు, కళ్లు లేవు, చిటికెన వేలి గోరంత చెవులు ఒంటికి అతుక్కొని ఉన్నాయి. చర్మం ఎంత పల్చన అంటే ఒకదాని పొట్టలో పాలు తెల్లగా కనిపిస్తున్నాయి. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే ప్రాణంలా కదులుతున్నాయి.

నాకు దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. ఎవరికో తెలియదు.

శివశంకర్ మగ్గం చప్పుడు ఆగింది. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దుప్పటి లేచి ఉండడం చూశాడు. కేకలేస్తాడనుకున్నాను.

రమ్య అప్పటికే గుంతలోకి కాళ్లు దించింది. గట్టు మీద, వాళ్లమ్మ కూర్చునే చోట కూర్చుంది. కాళ్లు కింద తొక్కే పలకలకు అందలేదు.

"నాయినా, ఈడ సల్లగున్నది. ఎండకాలం అమ్మ నన్ను గీడనే పండవెడుతుండె గదా? కాళ్ల కాడ. తొక్కుకుంట పాట పాడుతుండె."

శివశంకర్ తలూపాడు. ఈసారి తల ఊపుతూనే ఉన్నాడు, ఆపలేకపోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మన పెద్దవాళ్లు మగ్గానికి గుంత ఎందుకు తవ్వారంటే కాళ్ల కోసమే కాదు, నేల లోపలి చల్లదనానికి నూలు తెగదని. అది తెలిసి గీత తన బిడ్డను అక్కడ పడుకోబెట్టింది. ఏమీ తెలియని జరీ, గోడ అవతల ఎండలో కూర్చొని, ఈ ఊరి నేలలో చల్లటి చోటు ఎక్కడుందో కనిపెట్టి అక్కడికే తవ్వుకుంటూ వచ్చింది. రాతిగోడ కింది నుంచి! నేను దాన్ని లోపలే ఉంచాలని పడిన పాటంతా తలుచుకుంటే నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. రెండూ కలిపి వస్తున్నాయి.

మే 19

నిన్నటి సంబరం నీళ్లపాలు. జరీ గూటి మొహం చూడలేదు. రమ్య పొద్దున ఎండ వచ్చిన దగ్గర నుంచి గుంత గట్టు మీదే కూర్చుంది, అన్నం కూడా అక్కడే తింది. కూనలు బొచ్చులో పాకుతూ నోళ్లు తెరుస్తున్నాయి. జరీ మాత్రం కొట్టంలో దర్జాగా తోటకూర తింటోంది. ఎత్తుకొచ్చి గూడు దగ్గర పెడితే ఒక్క దూకు దూకి బొందలోంచి అవతలికి పోయింది.

సాయంత్రానికి రమ్య గొంతు మారింది. "ఇడిసిపెట్టింది. కని ఇడిసిపెట్టి పోయింది." అప్పుడు ఏడ్చింది. ఈ ఇంట్లో అది ఏడవడం నేను మొదటిసారి విన్నాను. ఎవరి కోసమో నాకు అర్థమైంది. దగ్గరికి తీసుకుందామని రెండడుగులు వేశాను. అది ఒళ్లు ముడుచుకుంది. నేను ఆగిపోయాను.

జరీ మీద ఎంత కోపం వచ్చిందో! "నీ బొచ్చు పీక్కునే ప్రేమ ఎటు పోయిందే?" అని జాలీ దగ్గర నిలబడి తిట్టాను.

మే 20

తలుపులు తీసేసరికే పశువుల దవాఖాన ముందున్నాను. డాక్టరు నా గోడు విని నవ్వాడు.

"కుందేలు ఆవు గాదమ్మా. దినానికి ఒక్కసారి, తెల్లారంగ వస్తది. మీరు చాయ్ తాగినంత సేపు పాలిచ్చి పోతది. పొద్దంత గూటి కాడ్నే ఉంటె దాని వాసనకు కుక్క వస్తది, పాము వస్తది. అందుకే దూరముంటది. దూరముండుడే దాని కాపల. కూనల కడుపులు నిండుగున్నయా, చూడున్రి చాలు. అవుగని రెండోది ఆడదేనా?"

కాళ్లు చాపి పడుకున్న కండె ఫొటో ఫోనులో చూపించాను. ఇంకా గట్టిగా నవ్వాడు. కండె మగది. వెంటనే వేరు చేయకపోతే నెలకు ఇంకో కాన్పట. అయిజ సంతలో ఒట్టేసినవాడికి ఏ దేవుడు గుర్తొచ్చాడో మరి.

మధ్యాహ్నమే కొట్టానికి నడుమ జాలీ కట్టాను. ఇప్పుడు నాకు వైరు మెలేయడం చెయ్యి తిరిగిన పని.

మే 21

ఇంకా తెలతెలవారలేదు. నేనూ రమ్యా గది గడపలో గోడకు ఆనుకొని కూర్చున్నాం, ఊపిరి బిగబట్టి. గుంత మూలలో మట్టి రాలింది. జరీ తల వచ్చింది, చెవులు వెనక్కి. ఒక్కసారి మా వైపు చూసి గూడు మీదికి పోయి నిలబడింది. కూనలన్నీ గుడ్డివే, అయినా ఒక్క క్షణంలో వెల్లకిలా తిరిగి దాని పొట్ట కిందికి చేరాయి. చప్పుడు విన్నాం, చిన్న చిన్న నోళ్ల చప్పుడు. అది కదలలేదు. కళ్లు మాత్రం పెద్దవి చేసి చీకటిలోకి చూస్తూ నిలబడింది, పహరా కాసే మనిషిలా. తర్వాత మూతితో బొచ్చు లాగి కూనలను కప్పింది. పోయింది.

అంతే. అంత చిన్నది. నేను ఇన్నేళ్లలో చూసిన గుళ్లూ, జాతరలూ, దేవుడి పెళ్లిళ్లూ ఏవీ నన్ను అలా కూర్చోబెట్టలేదు.

"అయితె ఇడిసిపెట్టలె" అంది రమ్య, మెల్లగా.

"లేదు."

"రోజు వస్తుండె. మనకు తెల్వకనే."

"ఆఁ."

దాని భుజం నా భుజానికి తగులుతోంది. నేను జరగలేదు, దగ్గరికీ, దూరానికీ.

మే 25

గోడ కింది బొంద పూడ్చొద్దు అనుకున్నాం. బదులుగా గదిలో గుంత చుట్టూ చెక్కలు పెట్టి జాలీ బిగించాను. కొట్టం ఇప్పుడు పెరట్లో మొదలై గోడ కింది నుంచి గీత మగ్గం దాకా ఉంది. గద్వాలలో ఇలాంటి కుందేళ్ల కొట్టం ఇంకోటి ఉండదు. శివశంకర్ తానే వచ్చి గీత చీర పడుగు మీది బూజు దులిపాడు. కోయలేదు.

మే 29

కళ్లు తెరిచాయి! పొద్దున ఒకటి, మధ్యాహ్నానికి మూడు, సాయంత్రానికి అన్నీ. ఒకటి నన్నే చూసింది. దాని జన్మలో చూసిన మొదటి మొహాల్లో నాదొకటి. మొహం కడుక్కొని ఉండాల్సింది.

జూన్ 3

సుగుణమ్మ ఫోను చేసింది. ఆదివారం మొదటి బస్సుకు వస్తుందట. రాజోలి బడిలో మాట్లాడి పెట్టిందట. రమ్య ఫోను తీసుకొని "ఊఁ" అంది, "ఊఁ" అంది, పెట్టేసింది.

ఉంటావా, పోతావా అని అడుగుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. అడగలేదు. అడిగితే అది జవాబు చెప్పాలి కదా.

బ్యాగు కొక్కానికే ఉంది.

జూన్ 5

కొక్కానికే.

జూన్ 7

కూనలు బొందలోంచి ఒక్కొక్కటే వాళ్లమ్మ వెనక పెరట్లోకి వచ్చాయి. ఎండ తగలగానే ఆగిపోయాయి. చెవులు ఎర్రగా వెలిగాయి, అందరివీ, వరసగా. రమ్య చప్పట్లు కొట్టబోయి ఆపుకొంది.

రేపు ఆదివారం. నేను బూరెలు చేస్తాను. సుగుణమ్మకు ఇష్టమట. నాకేం.

జూన్ 8, ఆదివారం

ఇప్పుడు ఇల్లంతా సద్దుమణిగింది కాబట్టి రాస్తున్నాను.

సుగుణమ్మ ఎండ ఎక్కకముందే దిగింది, తిరుపతయ్యను తోడు తీసుకొని. చాయ్ ఇచ్చాను. "పిల్లేది?" అంది. పెరట్లో ఉంటుందన్నాను. లేదు. గదిలో లేదు. గుంత దగ్గర లేదు. తిరిగి వస్తూ వాకిలి దగ్గర చూశాను. కొక్కెం ఖాళీ.

అవ్వ వచ్చే రోజున అవ్వ దగ్గరికే పోయిందా? దారిలో రెండు బస్సులూ ఒకదాన్నొకటి దాటిపోయాయా? చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు ఉరికాను. వీధంతా నన్ను చూసింది, చూడనీ. రాజోలి బస్సు నిలబడి ఉంది. ఎక్కి ప్రతి సీటూ చూశాను. కండక్టరు "ఎవరమ్మా?" అన్నాడు. "మా పిల్ల" అన్నాను. పైకి అన్నాను, అందరూ వినేలా. లేదు.

ఇంటికి వచ్చేసరికి సుగుణమ్మ వాకిట్లో లేదు. గీత గదిలో, గుంత గట్టు మీద జాలీకి మొహం ఆనించి కూర్చొని ఉంది. కూనలు పచ్చ నూలులో, తెల్ల బొచ్చులో పడి నిద్రపోతున్నాయి. ఆమె కళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"గీ పచ్చ నూలు నేనే అద్దించి పంపిన" అంది. "గీతకు ఆ రంగంటె పానం."

నేను పక్కన కూలబడి ఏడ్చేశాను. "పిల్ల కనిపిస్తలేదమ్మా. బ్యాగు గూడ లేదు. నేనేమనలె, దేవుని తోడు, ఒక్క మాట గూడ అనలె. ఉండుమని గూడ అడగలె..."

సుగుణమ్మది రాయచూరు పుట్టిల్లు, గాబరా పడితే కన్నడం వస్తుంది. "సాకు, సాకు", చాలు చాలని నా వీపు మీద చెయ్యేసింది. "ఏడ్వకు బిడ్డా."

అప్పుడు పెరటి తలుపు దబదబ కొట్టిన చప్పుడు.

"ఇగో! తలుపు తియ్యి! నా చేతులు ఖాళీ లెవ్వు!"

రమ్య. మోకాళ్ల దాకా బురద. చెరువు కట్ట కిందికి పోయిందట, ఎండ ముదరకముందు లేత గరిక కోయడానికి. నీలం బ్యాగు రెండు చేతులా పొట్టకు హత్తుకొని ఉంది. జిప్పు పట్టక గరిక బయటికి పొంగి, తడి కారుతోంది.

"ఇన్నిటికి తోటకూర ఏడ సరిపోతది?" అంది, నన్నే తప్పు పడుతున్నట్టు. "హన్మమ్మ అయితె గోడ మీద ఇంగ ముళ్లకంప వెట్టింది." అవ్వను చూసి ఆగింది. "అవ్వా, వచ్చినవా! కూనల్ని చూసినవా?"

సుగుణమ్మ మనవరాలిని పైనుంచి కింది దాకా చూసింది. "బడి మాటాడి పెట్టిన గదనే. నిన్ను తీస్కపోదామని వస్తి. మరి నేనెందుకొచ్చినట్టు?"

"కూనల్ని చూడనీకె" అంది రమ్య. ఆ మాటతో కొట్టంలోకి దూరి బ్యాగును తలకిందులుగా గుమ్మరించింది.

బూరెలు అందరూ తిన్నారు. తిరుపతయ్య ఎక్కువ తిన్నాడు. సాయంత్రం బస్సుకు ఇద్దరూ వెళ్లిపోయారు.

వాళ్లను పంపి వచ్చి తువ్వాలు కోసం బీరువా తీశాను. ఖాళీ అరలో రమ్య బట్టలన్నీ మడత పెట్టి ఉన్నాయి, దాని తీరులో వంకరటింకర మడతలు. పైన గీత ఫొటో, నిలబెట్టి. ఎప్పుడు పెట్టిందో తెలియదు. ఇవాళ పొద్దున కావచ్చు, పోయిన వారం కావచ్చు. నేను కొక్కాన్ని చూస్తూ కూర్చున్నాను కానీ బీరువా తీయలేదు.

బ్యాగు కడిగి తగిలించాను. కొక్కానికే ఉంది. ఎంత కడిగినా గరిక వాసన పోలేదు.